శ్రుతి ఎంతండీ?

శ్రీరామనవమి పందిట్లో సాయంత్రం కచేరీ పెట్టారనుకోండి. పాడే అమ్మాయి ఒప్పుకుంది. వయొలిన్ కుదిరింది. మృదంగం మాత్రం దొరకలేదు. అప్పుడు కమిటీవారు ఏం చేస్తారో మీకు తెలిసే ఉంటుంది. సంగీత కళాశాలలో ఉన్న మాస్టారికి ఫోన్ చేస్తారు. ఆయన తన శిష్యుడి నంబరిస్తారు. శిష్యుడికి అదే రోజు వేరే పందిట్లో కచేరీ ఉంటుంది, అతను ఇంకొకరి పేరు చెబుతాడు. ఆ ఇంకొకరు ఫోనెత్తి విషయం విన్నాక మొట్టమొదట అడిగేది డబ్బు గురించి కాదు, ఊరి గురించీ కాదు. "శ్రుతి ఎంతండీ?" అంటారు.

ఈ ప్రశ్న గురించి నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలని ఉంది. కారణం మా వీధిలో ఉండే ఒక కుర్రాడు. స్నేహితుడి కొడుకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సాయంత్రాలు గిటార్ వాయిస్తాడు. "బాబాయ్, సంగీతం వచ్చినవాళ్లు ఒకరినొకరు వెతుక్కోవడానికి ఒక యాప్ చేస్తున్నాను, మీరొకసారి చూడండి" అంటూ తెరల బొమ్మలన్నీ కాగితాల మీద గీసుకుని తెచ్చాడు. శ్రద్ధగా గీశాడు. మొదటి తెరలో ఫొటో, పేరు, వాద్యం. ఫొటో నచ్చితే కుడివైపు తోయాలి, నచ్చకపోతే ఎడమవైపు. విదేశాల్లో వ్యాంపర్ అనే యాప్ ఇలాగే నడుస్తుంది, డేటింగ్ యాప్‌ల పద్ధతి తెచ్చి సంగీతానికి పెట్టారు. నేను కాగితాలన్నీ చూసి, "శ్రుతి ఏదిరా?" అన్నాను. ఆరో తెరలో ఉంది. రాస్తే రాయొచ్చు, లేకపోతే లేదన్నట్టుగా ఉంది.

దాన్ని మొదటి తెరకి తీసుకురమ్మన్నాను. ఎందుకో చెబుతాను. శ్రుతి అంటే పాట ఆధారంగా నిలబడే స్వరం, దాన్ని ఒకటి, ఒకటిన్నర అంటూ అంకెల్లో చెబుతారు.

మృదంగం మోసుకొచ్చే మనిషిని చూడండి. పనస చెక్కతో చేసిన ఆ వాద్యానికి కుడివైపు నల్ల పూత శాశ్వతంగా ఉంటుంది. ఎడమవైపు కచేరీకి ముందు బొంబాయి రవ్వ తడిపి అంటిస్తారు, అయ్యాక తుడిచేస్తారు. అంచుల మీద కొడుతూ శ్రుతి సరిచేస్తారు. కానీ శ్రుతి కాస్త అటూ కాస్త ఇటూ జరుగుతుందే తప్ప ఎంత కొట్టినా ఒకటో శ్రుతి మృదంగం అయిదున్నరకి రాదు. మగ గొంతులు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర దగ్గర ఉంటాయి. ఆడ గొంతులు అయిదు, అయిదున్నర, ఆరు. తగ్గు శ్రుతికి పొడుగు మృదంగం, హెచ్చు శ్రుతికి పొట్టి మృదంగం. రెండూ ఉన్నవాళ్లు రెండూ మోయలేరు, ఒక్కటే ఉన్నవాళ్లు రెండో కచేరీకి పనికిరారు. ఘటం అయితే ఇంకా కష్టం. అది కాల్చిన మట్టి, పుట్టినప్పుడే దాని శ్రుతి దానికి ఖాయమైపోయింది. వేణువు వాయించేవాళ్ల సంచీలో శ్రుతికొక వేణువు ఉంటుంది. వయొలిన్ వాళ్లు తీగలు బిగించి, సడలించి సర్దుకోగలరు, అయినా ఒకటికీ ఆరుకీ అవే తీగలంటే వాళ్లూ ఇబ్బంది పడతారు. అంటే శ్రుతి తెలియకుండా మనిషిని కుదర్చడం సగం పనే. ఆ సగం పని కచేరీకి గంట ముందు బయటపడుతుంది, అప్పుడు పాపం పాడే అమ్మాయి తన గొంతు దించుకుని పాడాల్సి వస్తుంది. దించుకున్న గొంతుతో ఆ సాయంత్రమంతా మంద్ర స్థాయిలో మాట వినపడక ఇబ్బంది పడుతుంది.

కుర్రాడి కాగితంలో శ్రుతి గడి ఎలా ఉందో కూడా చెప్పాలి. ఒకటి నుంచి ఏడు దాకా, మధ్యలో అన్నిటికీ అరలు. అందులో "మూడున్నర" కూడా ఉంది. అలాంటి శ్రుతి లేదు. మన శ్రుతి లెక్క హార్మోనియం మెట్ల మీద కట్టింది. తెల్ల మెట్లు ఒకటి, రెండు, మూడు. నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర. మూడో తెల్ల మెట్టుకీ నాలుగో తెల్ల మెట్టుకీ మధ్య నల్ల మెట్టు లేదు, ఏడు తర్వాతా లేదు. మొత్తం పన్నెండే. ఇదే పన్నెండుని సినిమా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే అబ్బాయి సి, సి షార్ప్, డి అంటాడు. అయిదున్నర అన్నా జి షార్ప్ అన్నా ఒకటే మెట్టు. యాప్‌లో ఎవరికి అలవాటైన భాషలో వాళ్లు రాసుకునేలా, లోపల రెండూ ఒకటిగా కలిసేలా ఉండాలి. అప్పుడు కూచిపూడి నాట్యానికి పాడే గాయనికీ గిటార్ వాయించే ఇంజనీరింగ్ కుర్రాడికీ మధ్య ఉన్న గోడ కొంచెం తగ్గుతుంది. ఇలాంటి చిన్న గడిలోనే ఆ యాప్ చేసినవాళ్లకి సంగీతం తెలుసో లేదో వాయించేవాళ్లు క్షణంలో పసిగడతారు. మూడున్నర కనిపించగానే ఫోన్ పక్కన పెట్టేస్తారు.

ఇక రెండో సంగతి, నా మటుకు అసలు సంగతి. ఇలాంటి యాప్‌లన్నీ ముందుండే మనిషి కోసం ఆలోచిస్తాయి. పాడేవాళ్లు, పాట రాసుకున్నవాళ్లు, బ్యాండు పెట్టినవాళ్లు "నాకు ఫలానా వాద్యం కావాలి" అని వెతుకుతారు. పక్కన కూర్చునేవాళ్లు దుకాణంలో సరుకులా వరసగా కనిపిస్తారు. నేను కుర్రాడితో తిరగేసి చేయమన్నాను. మృదంగం, వయొలిన్, డోలు, కీబోర్డు, తబలా వాయించేవాళ్ల వైపు నుంచి కట్టు అన్నాను. వాళ్లకి ఏ కచేరీ కావాలో, ఏది వద్దో వాళ్లు చెప్పుకోవాలి. కచేరీ వివరాలన్నీ చూశాక ఒప్పుకునే హక్కు వాళ్లదై ఉండాలి.

మన ప్రాంతానికి పక్కవాద్యం విలువ తెలియనిది కాదు. 1948 డిసెంబర్ 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. అక్కడ నిలయ విద్వాంసులనే ఏర్పాటు ఉండేది. పాడటానికి ఎవరు వచ్చినా, పక్కన వాయించడానికి ఉద్యోగంలో ఉన్న విద్వాంసులు సిద్ధంగా ఉండేవారు. మారుమూల పల్లె నుంచి వచ్చిన కొత్త గాయనికీ పెద్ద విద్వాంసులు వయొలిన్ వాయించేవారు. మన యాప్ ఇన్ని తెరలతో చేయబోతున్న పనిని ఆ కేంద్రంలోని ఒక్క గది అంత చక్కగా చేసింది. అన్నవరపు రామస్వామిగారు ఆ కేంద్రంలో వయొలిన్ విద్వాంసులుగా ఉండేవారు. ఆయనా మంగళంపల్లి బాలమురళీకృష్ణా పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులే. గురువుగారింట్లో కుదిరిన ఆ జోడీ దశాబ్దాలపాటు వేదికల మీద నిలిచింది. 2021లో రామస్వామిగారికి పద్మశ్రీ వచ్చింది. అదే జాబితాలో మన విజయవాడ మృదంగ విద్వాంసురాలు నిడుమోలు సుమతిగారూ ఉన్నారు. పక్కన కూర్చుని వాయించిన ఇద్దరికి ఒకే ఏడాది ఆ గౌరవం రావడం నాకు ఎంతో సంతోషంగా అనిపించింది.

అయితే అలాంటి గది ప్రతి ఊళ్లోనూ ఉండదు కదా. మరి కొత్తవాళ్ల సత్తా తెలిసేదెలా? కుర్రాడి ప్లాన్‌లో డిగ్రీలు, బహుమతులు, అనుచరుల సంఖ్య ఉన్నాయి. అవన్నీ తీసేసి ఒక్క నిమిషం శబ్దం పెట్టమన్నాను. విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైనప్పటి ముచ్చట మీరు వినే ఉంటారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడ విద్యార్థిగా చేరడానికి వెళ్లారట. అప్పటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు ఆయన వాయింపు విని, విద్యార్థిగా కాదు, వయొలిన్ ఆచార్యుడిగానే తీసుకున్నారు. దాసుగారి చెవి చాలింది, కాగితం అడగలేదు.

కానీ ఆ నిమిషంలో ఏముండాలన్నది మామూలు విషయం కాదు. మృదంగం వాళ్లని ఏదైనా పంపమంటే తాము ఒంటరిగా వాయించే తని ఆవర్తనం పంపుతారు. వేళ్లు మెరుపుల్లా కదులుతాయి, వినడానికి అద్భుతంగా ఉంటుంది. అది విని మీరు ఏ నిర్ణయానికీ రాలేరు. కృతి నడుస్తున్నప్పుడు, పల్లవి మొదటి సంగతిలో ఎంత తక్కువ వాయించారు, అనుపల్లవికి ఎలా పెంచారు, గాయని ఆగినచోట ఆగారా లేదా అన్నదాంట్లో వాళ్ల పనితనం ఉంది. వయొలిన్ వాళ్లని సొంత రాగాలాపన అడగకూడదు, ఇంకొకరి ఆలాపన వెనకాల నీడలా నడిచిన నిమిషం అడగాలి. మన కచేరీల్లో చాలాసార్లు రిహార్సల్ ఉండదు. రాగమేమిటో వేదిక మీదే వినపడుతుంది, మరుక్షణం వయొలిన్ అందుకోవాలి. కాబట్టి యాప్ అడగాల్సిన మాట: "మీరు ఇంకొకరికి వాయించిన ఒక నిమిషం పెట్టండి." ముందుండే మనిషికీ ఇదే నియమం. "మీరు పక్కవాద్యంతో పాడిన ఒక నిమిషం పెట్టండి." పక్కవాళ్లకి చోటివ్వకుండా పాడే గాయకులెవరో ఆ నిమిషంలో తెలిసిపోతుంది.

కూచిపూడి సంగతి వేరు. నట్టువాంగం, గాత్రం, వేణువు, వయొలిన్, మృదంగం కావాలి, అందరూ చాలా రోజులు రిహార్సల్‌కి రావాలి. రంగప్రవేశం చేయించే తల్లిదండ్రులకి ఇదొక పెద్ద ఖర్చు, పెద్ద బెంగ. బ్యాండు పెట్టుకునే కుర్రాళ్లకి ముందు కావలసింది గంటలకి అద్దెకిచ్చే గది. అందుకే రిహార్సల్ ఉందా, ఉంటే ఎన్నిసార్లు, ఎక్కడ అన్నది మొదటే రాయించాలి.

తర్వాత క్యాలెండరు. ఇంగ్లీషు తేదీల క్యాలెండరు ఒక్కటే పెడితే మన వాద్యకారుల ఏడాది అర్థం కాదు. సన్నాయి, డోలు వాళ్ల బతుకు ముహూర్తాల మీద నడుస్తుంది. మాఘం, వైశాఖం, శ్రావణం వస్తే ఒక్కరోజూ ఖాళీ ఉండదు. ఆషాఢం, పుష్యం, మూఢం రోజులొస్తే వాద్యం గుడ్డ కప్పుకుని మూలనుంటుంది. అదే పుష్యంలో బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధన. ఊరూరా పంచరత్న గోష్ఠులు, ఆ వారం పది రోజులు గాత్రం, వయొలిన్, మృదంగం వాళ్లకి ఊపిరాడదు. ఒకరి ఖాళీ నెల ఇంకొకరి పండగ నెల. తిథులు తెలిసిన క్యాలెండరు ఉంటే, ఆషాఢంలో ఖాళీగా ఉన్న సన్నాయి విద్వాంసుడికి ఒక రికార్డింగ్ పనో, కొత్త పాటల ప్రయోగమో ఎదురుపడే వీలుంటుంది. వినాయక చవితి తొమ్మిది రాత్రులు, దసరా తొమ్మిది రాత్రులు అందరికీ అందరూ కావాలి. ఆ రోజులకి రెండు నెలల ముందే "ఖాళీలు గుర్తుపెట్టండి" అని ఫోన్ గుర్తుచేస్తే చాలు.

డబ్బు గురించి మాట్లాడటం మనవాళ్లకి మొహమాటం. సంభావన ఎంతని అడగరు, ఇచ్చింది కవర్లో పుచ్చుకుని ఇంటికెళ్లి చూసుకుంటారు. ఈ మొహమాటం వల్ల ఎక్కువ నష్టపోయేది పక్కవాద్యం వాళ్లే. సంభావన ఎంత, రానూపోనూ ఖర్చు ఎవరిది, రాత్రి ఆలస్యమైతే బస ఎక్కడ: ఈ మూడు గడులూ నింపకుండా ఎవరూ ఎవరినీ పిలవలేకుండా చేయమన్నాను. మృదంగంతో బస్సెక్కడం ఏమిటో ఎక్కినవాళ్లకి తెలుస్తుంది. సంభావనలో యాప్ వాటా కోసుకోవడం మాత్రం వద్దే వద్దు. ఖర్చులకి కచేరీలు పెట్టే సభల దగ్గర ఏడాదికింత చందా తీసుకోవచ్చు. కుర్రాడు పెట్టే ఖర్చూ మొదట్లో మరీ ఎక్కువేమీ కాదు. గూగుల్ ప్లేలో పేరు నమోదుకి ఒక్కసారి 25 డాలర్లు, యాపిల్ దగ్గర ఏడాదికి 99 డాలర్లు.

ఆడపిల్లల భద్రత గురించి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఎవరికీ కనిపించకూడదు. "ఎంత దూరంలో ఉన్నారు" అని మీటర్లలో చూపించే యాప్‌లున్నాయి, అది ప్రమాదం. ఊరి పేరు చాలు. మాట కలిశాక, ఆమె ఒప్పుకుంటేనే నంబరు వెళ్లాలి. వేదిక ఎక్కడ, కచేరీ పెట్టేది ఎవరు, తిరుగు ప్రయాణం ఎలా అన్నవి ముందే తెలియాలి. సంగీతంలో పిల్లలు చాలామంది ఉంటారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి నిజంగానే ఉందని సరిచూసుకోవాలి. పిల్లల ఖాతా తల్లిదండ్రుల పేరుతో ఉండటమే మేలని నా ఉద్దేశం.

వాద్యాల పట్టిక గురించి కూడా ఒక మాట. ముందే ఒక పట్టిక రాసేసి, అందులో లేనివాళ్లకి తలుపు మూసేయకూడదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఒక పిల్లవాడు మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం మొదలుపెట్టాడు. నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగల మీదకి తెచ్చుకునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ. ఆ పిల్లవాడే మాండొలిన్ శ్రీనివాస్. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో రిమెంబర్ శక్తి బృందంలో ప్రపంచమంతా వాయించాడు. "కర్ణాటకం" అన్న గడిలో ఆ రోజుల్లో మాండొలిన్ అన్న పేరు ఎవరు రాసి ఉండేవారు? బుర్రకథ దళానికి తంబురతో కథకుడు, డక్కీలతో ఇద్దరు వంతలు కావాలి. ఆ వంతల్లో ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం చెప్పాలి. పద్యనాటకానికి హార్మోనియం కావాలి, పద్యం ఎత్తుకునే నటుడి శ్రుతి తెలిసిన హార్మోనియం. వీళ్లు తమ పేర్లు తామే రాసుకునేలా ఆ గడి తెరిచి ఉంచాలి. పేరు రాని రోజుల్లో కలుసుకున్నవాళ్లే తర్వాత ఏమవుతారో ఎవరు చెప్పగలరు? బాలసుబ్రహ్మణ్యంగారు మద్రాసులో తొలిరోజుల్లో నడిపిన లైట్ మ్యూజిక్ బృందంలో వాయించిన కుర్రాళ్లలో ఇళయరాజా, ఆయన సోదరులు ఉన్నారు.

అమెరికాలో ఉన్న మన పిల్లల్ని కూడా కలపాలని కుర్రాడి కోరిక. "కాలిఫోర్నియాలో పాడితే ఇక్కడ మృదంగం వాయించొచ్చు కదా బాబాయ్, ఇంటర్‌నెట్ వేగం పెరిగింది" అన్నాడు. వేగం పెరిగినా దూరం తగ్గదు. గాలిలో శబ్దం ఒక మీటరు దాటడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఒకే వేదిక మీద నాలుగడుగుల దూరంలో కూర్చుంటే తేడా చెవికి తెలియదు. ఆలస్యం 30 మిల్లీసెకన్లు దాటితే తాళం జారడం మొదలవుతుంది. హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియాకి 13 వేల కిలోమీటర్ల పైమాటే. గాజు తీగలో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే ఏ ఆటంకమూ లేకపోయినా ఒకవైపుకే 65 మిల్లీసెకన్లు. వెళ్లి రావడానికి దానికి రెట్టింపు. దీన్ని ఏ కంపెనీ తగ్గించలేదు. జామ్యులస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఒకే ఊళ్లోవాళ్లకి బాగానే పనికొస్తాయి, సముద్రం దాటితే కాదు. స్మ్యూల్ యాప్‌లో మన ఇళ్లలో అక్కాచెల్లెళ్లు యుగళగీతాలు పాడుకుంటున్నారు చూడండి, అందులో ఒకరు ముందు పాడి దాచితే ఇంకొకరు తర్వాత కలుపుతారు. దూరదేశాలకి ఆ పద్ధతే సరి. 2020లో అందరం ఇళ్లల్లో ఉండిపోయినప్పుడు వాద్యకారులు చేసిందీ అదే. కనుక ఎదురెదురుగా వాయించేవాళ్లకి ఒక తలుపు, పంపుకుని కలుపుకునేవాళ్లకి ఇంకో తలుపు పెట్టుకో అన్నాను. రెండిటినీ కలిపి ఆశ చూపిస్తే, మొదటి రోజే తాళం తప్పినవాళ్లు మళ్లీ తిరిగి రారు.

దేశమంతటికీ ఒకేసారి తెరవాలని అతని ఉత్సాహం. నేను ఒప్పుకోలేదు. వెయ్యి ఊళ్లలో ఊరికి ఒక్కరు చొప్పున చేరితే ఎవరికీ ఎవరూ దొరకరు. విజయవాడ నుంచి మొదలుపెడితే తెనాలి, గుడివాడ, ఏలూరు, మచిలీపట్నం, గుంటూరు అన్నీ ఒక పూట బస్సు ప్రయాణంలో ఉన్నాయి. ఆ నాలుగైదు ఊళ్లలో ముందు పక్కవాద్యం వాళ్లని చేర్చాలి, వాళ్లు చేరాక సభలవాళ్లని. ఒక దసరా, ఒక ఆరాధన సరిగ్గా గడిచాక రాజమండ్రి, ఆ తర్వాత విశాఖ, హైదరాబాద్.

మీలో ఎవరైనా ఇలాంటి యాప్ చేయాలనుకునే ఇంజనీర్లుంటే, ఇంట్లో ఇలాంటి పిల్లలున్నవాళ్లుంటే, ఒక్క మనవి. మొదటి తెర గీసే ముందు మీ ఊరి సభకి వెళ్లి, వాద్యకారుల అనుమతి అడిగి, కచేరీకి ముందు గంట వాళ్లు శ్రుతి చేసుకునే గదిలో కూర్చోండి. వాళ్లు ఒకరినొకరు ఏమేం అడుగుతారో వరసగా రాసుకోండి. ఆ వరసలోనే మీ యాప్ తెరలు పెట్టండి.